డ్రోన్‌కి కంపాటిబుల్ బ్యాటరీలు కొనేవాళ్ళు జాగ్రత్త, ఎయిర్‌పోర్ట్‌లో ఆపేస్తున్నారు

డ్రోన్ తీసుకుని ఫ్లైట్ ఎక్కే ప్లాన్ ఉండి, దానికోసం ఎక్స్‌ట్రా బ్యాటరీలు కొనబోతున్నవాళ్ళు ముందు ఇది చదవండి. కంపెనీవి కాకుండా కంపాటిబుల్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు కదా, అందులోనూ ఒరిజినల్ కంటే బాగా ఎక్కువ ఎంఏహెచ్ (బ్యాటరీ కెపాసిటీ) అని రాసి ఉండేవి, వాటి జోలికి అస్సలు వెళ్ళకండి. నావి సెక్యూరిటీ చెకింగ్‌లో పోయాయి, అమ్మినవాళ్ళు డబ్బులు ఇచ్చేది లేదని తెగేసి చెప్పేశారు.

నాది మావిక్ 3. దాని ఒరిజినల్ బ్యాటరీ 15.4 వోల్ట్‌లు, 5000 ఎంఏహెచ్, 77 వాట్ అవర్స్ (అంటే మొత్తం ఎంత శక్తి పడుతుందో చెప్పే లెక్క), ఇదంతా బ్యాటరీ మీదే ప్రింట్ అయి ఉంటుంది. నేను కొన్నవాటి మీద 8000 ఎంఏహెచ్ అని ఉంది, పేజీలో అయితే విమానం బొమ్మ వేసి దాని మీద పచ్చ టిక్ మార్క్ పెట్టి "ఎయిర్‌లైన్ అప్రూవ్డ్" అని పెద్దక్షరాలతో రాశారు. ఎవరు చూసినా నమ్ముతారు.

చెకింగ్ దగ్గర బ్యాగ్ పక్కకి తీశారు. ఆ ఆఫీసర్ ఒరిజినల్ బ్యాటరీలు చూసి 77 అన్న నంబర్ కనపడగానే ట్రేలో పెట్టేసింది, కంపాటిబుల్‌ది చేతిలోకి తీసుకుని మాత్రం తిప్పి తిప్పి చూసింది, స్టిక్కర్ మీద వేలు పెట్టి లైన్ లైన్‌గా వెతికింది, వోల్టేజ్ ఉంది, ఎంఏహెచ్ ఉంది, ఏవేవో గుర్తులు ఉన్నాయి గానీ వాట్ అవర్స్ అన్నది ఎక్కడా లేదు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 15.4 ఇంటూ 8 కొట్టి నాకు చూపించింది. 123.2 వచ్చింది. ఎయిర్‌లైన్ పర్మిషన్ తీసుకున్నారా అని అడిగింది, లేదన్నాను, అంతే, ఇవి లోపలికి రావు అనేసింది. ఆవిడ చేసిందాంట్లో తప్పేం లేదు, రూలే అది.

రూల్ ఏంటంటే 100 వాట్ అవర్స్ లోపు ఉన్న బ్యాటరీలకి మామూలుగా ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, 100 దాటి 160 వరకు అయితే ముందే ఎయిర్‌లైన్‌ని అడిగి పర్మిషన్ తీసుకోవాలి, అది కూడా మనిషికి రెండు స్పేర్ బ్యాటరీలే, 160 దాటితే ప్యాసింజర్ దగ్గర ఉండటానికే వీల్లేదు. వాట్ అవర్స్ రాసి లేకపోతే ఎంఏహెచ్‌ని 1000తో భాగించి వోల్టేజ్‌తో గుణించండి, వచ్చేస్తుంది. ఒరిజినల్ అయినంత మాత్రాన అన్నీ 100 లోపు ఉంటాయనుకోవద్దు, పాత ఇన్‌స్పైర్ 1 డ్రోన్‌కి వచ్చే టీబీ48 బ్యాటరీ దాదాపు 130 వాట్ అవర్స్, దానికీ పర్మిషన్ కావాల్సిందే.

నాకు ఒళ్ళు మండిన విషయం ఇది కాదు. ఒక బ్యాటరీ ఇంట్లో వదిలేసి వెళ్ళాను, వచ్చాక తూకం వేసి చూస్తే ఒరిజినల్ ఎంతుందో ఇదీ అంతే, 335 గ్రాములకి కాస్త అటూ ఇటూ. 5000 ఉన్నదీ 8000 ఉన్నదీ ఒకే బరువు, ఒకే సైజు ఎలా ఉంటాయి చెప్పండి, ఒకటిన్నర రెట్ల పైన కరెంట్ పట్టాలంటే లోపల సెల్స్ కూడా ఆ లెక్కన పెరగాలి కదా. గాల్లో కూడా ఒరిజినల్ కంటే ఒక్క నిమిషం ఎక్కువ ఎగిరింది లేదు. అంటే అమ్ముకోవడానికి వేసిన దొంగ నంబర్ అది, ఆ దొంగ నంబర్ వల్లే బ్యాటరీ కాగితం మీద 100 దాటిపోయి చెకింగ్‌లో ఆగిపోయింది. లోపల నిజంగా ఎంత ఉందో చెకింగ్ వాళ్ళకి అనవసరం, వాళ్ళు చూసేది స్టిక్కరే.

సెల్లర్‌కి మెసేజ్ పెడితే బ్యాటరీ పనిచేస్తోంది కదా, ఎయిర్‌పోర్ట్ రూల్స్‌తో మాకు సంబంధం లేదన్నారు. మరి ఎయిర్‌లైన్ అప్రూవ్డ్ అని ఎందుకు రాశారంటే దానికి జవాబు లేదు. అసలు అలా ఒక బ్యాటరీ మోడల్‌ని ముందే అప్రూవ్ చేసి స్టాంప్ వేసే పద్ధతే ఎయిర్‌లైన్స్‌లో లేదు, పర్మిషన్ అనేది మీ ప్రయాణానికి, మీ బ్యాటరీకి మీరు అడిగి తీసుకునేది. నిజంగా ఉండేది యూఎన్ 38.3 అనే టెస్ట్, లిథియం బ్యాటరీ రవాణాకి పనికొస్తుందా లేదా అని వేడి, వైబ్రేషన్, షార్ట్ సర్క్యూట్ లాంటివన్నీ పెట్టి చూస్తారు, 2020 జనవరి నుంచి ఆ టెస్ట్ సమ్మరీ తయారీదారులు అడిగినవాళ్ళకి ఇవ్వాలి కూడా. నేను అడిగితే ఏదో ఛార్జర్ సర్టిఫికెట్ ఫోటో పంపించారు! కొనేముందే ఇది అడగండి, తడబడితే వదిలేయండి.

ఇంత స్ట్రిక్ట్ ఎందుకని విసుక్కోకండి. 2010లో దుబాయ్ నుంచి బయల్దేరిన యూపీఎస్ కార్గో విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుని ఇద్దరు పైలట్లూ చనిపోయారు. 2025 జనవరిలో కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం గాల్లోకి లేవకముందే తగలబడింది, పవర్ బ్యాంక్ లోపలి బ్యాటరీ నుంచే మొదలై ఉండొచ్చని దర్యాప్తు చేసినవాళ్ళు చెప్పారు. అదే ఏడాది జూన్ నుంచి చైనా డొమెస్టిక్ ఫ్లైట్స్‌లో వాళ్ళ 3సీ గుర్తు (అక్కడి సేఫ్టీ సర్టిఫికేషన్ ముద్ర) లేని పవర్ బ్యాంకులు ఎక్కనివ్వట్లేదు. స్టిక్కర్లు చదివే పని ఇంకా పెరిగేదే గానీ తగ్గదు. స్పేర్‌లు క్యాబిన్‌లోనే పెట్టమనేది కూడా అందుకే, పొగ వస్తే అక్కడైతే మనుషులు చూసి ఏదో ఒకటి చేయగలరు, కింద లగేజీలో అయితే ఎవరికీ చెయ్యి అందదు. గేట్ దగ్గర చోటు లేదని మీ హ్యాండ్ బ్యాగ్ కిందకి పంపిస్తామంటే బ్యాటరీలు బయటకి తీసి చేతిలో పెట్టుకున్నాకే బ్యాగ్ ఇవ్వండి. బ్యాటరీ టెర్మినల్స్ (కరెంట్ వచ్చే మెటల్ కాంటాక్ట్‌లు) మీద టేప్ వేసి దేనికది విడి కవర్లో పెట్టుకోవాలి, ఉబ్బినవి అసలు తీసుకెళ్ళకూడదు.

ఇంకోటి, ఇలా ఇరుక్కున్నవాళ్ళు వీటినే సెకండ్ హ్యాండ్‌లో డ్రోన్‌తో కలిపి అమ్మేస్తున్నారు, "ఎక్స్‌ట్రా బ్యాటరీలు ఫ్రీ" అని పెడుతున్నారు. అలాంటిది కొంటుంటే డబ్బు కట్టకముందే ప్రతి బ్యాటరీకి స్టిక్కర్ ఉన్న వైపు దగ్గర నుంచి తీసిన ఫోటో అడగండి, వాట్ అవర్స్ నంబర్ చదవడానికి వచ్చేలా ఉండాలి, చెరిగిపోయి ఉన్నా వద్దనండి. నా దగ్గర మిగిలినదాన్ని ఎవరికీ అమ్మట్లేదు, రీసైక్లింగ్‌కి ఇచ్చేస్తున్నా.