టీవీ కింద గేమింగ్ పీసీ: చాలాకాలం వాడాక

బల్ల మీది గేమింగ్ పీసీని చిన్న కేసులోకి మార్చి హాల్లో టీవీ కింద పెట్టి చాలాకాలమైంది. పొడవూ వెడల్పూ 17 సెంటీమీటర్లుండే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, చిన్న సైజు ఎస్ఎఫ్ఎక్స్ పవర్ సప్లై, రెండు స్లాట్ల గ్రాఫిక్స్ కార్డు. గేమ్స్ ఎలా నడుస్తున్నాయంటే, బల్ల మీద ఎలా నడిచేవో అలాగే. ఇబ్బందులన్నీ గేమ్ మొదలవకముందే.

అన్నిటికన్నా విసిగించింది పీసీని నిద్రలేపడం. ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ అయితే కంట్రోలర్ బటన్ నొక్కగానే టీవీ కూడా ఆన్ అయ్యి, సరైన ఇన్‌పుట్‌కి వచ్చేస్తుంది. అది హెచ్‌డీఎంఐలోని సీఈసీ చేసే పని. పీసీ గ్రాఫిక్స్ కార్డుల్లో మామూలుగా అది ఉండదు. టీవీ కన్నా ముందు పీసీ లేచిందా, సౌండ్ ఇంకెటో పోతుంది, రిజల్యూషన్ మారిపోతుంది. మధ్యలో ఒక సీఈసీ అడాప్టర్ పెట్టి చూశాను. పని చేసింది, కానీ 4కేలో సెకనుకు 60 ఫ్రేములు దాటనివ్వదు. 120 కోసం కొన్న టీవీకి అదెందుకు? తీసేశాను. ఇప్పుడు పీసీ లేవగానే నెట్‌వర్క్ మీద టీవీని కూడా లేపే చిన్న స్క్రిప్టు ఉంది. ఎప్పుడో తప్ప మొరాయించదు.

కంట్రోలర్‌ది ఇంకో కథ. పరిగెత్తే పాత్ర ఉన్నట్టుండి గోడకేసి నడిచేది, నొక్కిన బటన్ పడేది కాదు. బ్యాటరీ నిండుగానే ఉంది. వైర్‌లెస్ డాంగిల్ (కంట్రోలర్ సిగ్నల్ అందుకునే చిన్న ముక్క) పక్క పోర్టులోనే యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ ఉంది. యూఎస్‌బీ 3.0 కేబుళ్లు, కనెక్టర్లు వెదజల్లే రేడియో రొద సరిగ్గా కంట్రోలర్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూనే పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని టీవీ ముందుకు లాగితే సమస్య పోయింది. బ్లూటూత్ వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

టీవీలో గేమ్ మోడ్ తప్పనిసరి, లేకపోతే బటన్‌కీ తెరకీ మధ్య ఆలస్యం చేతికి తెలిసిపోతుంది. ఇన్‌పుట్ రకాన్ని ‘పీసీ’ అని మార్చాక నల్లటి నేపథ్యం మీద ఎర్ర అక్షరాల అంచులు శుభ్రపడ్డాయి. అంతకుముందు టీవీ రంగుల వివరాన్ని కుదించి చూపించేది.

వేడి సంగతికొస్తే, వెనక మూసి ఉన్న అరలో పెట్టకండి. నేను గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ని 80 శాతానికి దించాను. ఫ్రేములు కొద్దిగానే తగ్గాయి, గేమ్ ఆడేటప్పుడు వినిపించే ఫ్యాన్ హోరు మాత్రం బాగా తగ్గింది.

స్టీమ్ గేముల దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ పేరుతో 2015లో, విండోస్‌కి బదులు లైనక్స్ మీద నడిచే స్టీమ్ మెషీన్లు వచ్చి నిలబడలేకపోవడానికి దాని మీద ఆడే గేములు తక్కువ కావడం ఒక ప్రధాన కారణం. 2018లో ప్రోటాన్ అనే వాల్వ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక లైనక్స్ మీద విండోస్ గేములు చాలావరకు ఆడుతున్నాయి. ఇప్పుడు సోఫాకి నాకు నచ్చేది లైనక్సే: లాగిన్ తెరలుండవు, నిద్రలేపితే నేరుగా గేమ్ లైబ్రరీ వస్తుంది. అయితే మోసాల్ని పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ ఉన్న ఆన్‌లైన్ గేములు కొన్ని అస్సలు నడవవు. ఏఎండీ కార్డుల ఓపెన్ సోర్స్ లైనక్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టడానికి, ఆ ప్రమాణాన్ని నిర్ణయించే హెచ్‌డీఎంఐ ఫోరమ్ 2024లో ఒప్పుకోలేదు కాబట్టి, లైనక్స్ మీద 4కే 120 ఆశించేవాళ్లు కార్డు కొనేముందు ఆ విషయం చూసుకోవాలి.

రేసింగ్, యాక్షన్, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడేవి ఇష్టమైతే పెట్టుకోండి. స్ట్రాటజీ గేములే మీ లోకమైతే వద్దు. మూడు మీటర్ల దూరం నుంచి ఆ చిన్న అక్షరాలు చదవలేం, ఒళ్లో కీబోర్డు, సోఫా చేతి మీద మౌస్‌తో గంట కూడా కూర్చోలేం.