చార్మినార్ నడక కన్నా కోఠీ నడకే నచ్చింది

హైదరాబాద్‌లో హెరిటేజ్ వాక్ అనగానే చార్మినార్ నుంచి చౌమహల్లా ప్యాలెస్ దాకా అనే అనుకుంటాం. ఈసారి దాంతోపాటు కోఠీలో మొదలై అఫ్జల్‌గంజ్ మీదుగా మూసీ ఒడ్డు దాకా సాగే నడకకి కూడా మా మామయ్యతో కలిసి వెళ్లాను. ఒక్క పూటే తీరిక ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కోఠీ నడక ఎంచుకోవచ్చు.

చార్మినార్ దగ్గర గుంపు మరీ పెద్దది. మైకు లేదు. గైడ్ చెప్పేది ముందు వరసకి తప్ప వినబడదు, అదీ అంతా ఇంగ్లిష్‌లోనే. 1591లో కట్టారు, గడియారాలు 1889లో పెట్టారు లాంటివి ఫోన్లో చూసుకున్నా తెలుస్తాయి కదా, దానికి మనిషెందుకు? అయినా పొద్దున్నే వెళ్లడంలో ఒక లాభం ఉంది. షట్టర్లు ఇంకా లేవవు, తోపుడు బండ్లు రావు. గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్ దగ్గర నిలబడితే నాలుగు వైపులా నాలుగు కమాన్లూ (తోరణ ద్వారాలు) కనిపిస్తాయి. పదకొండు దాటాక అక్కడ నిలబడడానికే చోటుండదు.

చిక్కల్లా టైముతోనే. నడక తొమ్మిదిన్నరకి అయిపోతే చౌమహల్లా గేటు పదింటికి గానీ తీయరు. టికెట్ కూడా విడిగా కొనుక్కోవాలి. శుక్రవారం సెలవు. మేము నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో కాలక్షేపం చేసి వెళ్లాం. అక్కడి దర్బారు హాలు ఖిల్వత్‌లో 19 షాండ్లియర్లు వేలాడుతుంటే వాటి కింద నిలబడి చూడాల్సిందే, ఫొటోలో ఆ ఎత్తు తెలియదు. లాడ్ బజార్‌కి నడకలో భాగంగా వెళ్లి లాభం లేదు, కొట్లన్నీ మూసే ఉంటాయి. ప్యాలెస్ చూశాక వెళ్తే పక్క సందుల్లో గాజులు చేసేవాళ్లు కనిపిస్తారు. లక్కని నిప్పుల సెగ మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, అది గట్టిపడేలోపే ఒక్కో రాయినీ అద్దుతారు. చెయ్యి ఆగదు, తల ఎత్తరు. ఈ గాజులకి 2024లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక) గుర్తింపు వచ్చింది.

ఇక కోఠీ. ఇక్కడ పట్టుమని పది మందిమే. గైడ్ తెలుగులో చెప్పాడు, మధ్యమధ్య దక్కనీ మాటలు దొర్లుతుంటే వినడానికి హాయిగా ఉంది. మొదట ఉమెన్స్ కాలేజీ (ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం) ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీ. రెసిడెంట్, అంటే నిజాం దగ్గర ఉండే ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ 1803లో నిజాం ఖర్చుతో మొదలుపెట్టించిన భవనం. మెట్లకి అటూ ఇటూ రెండు సింహాలు కూర్చుని ఉంటాయి. వెనక తోటలో ఈ భవనానిదే చిన్న నమూనా ఉంది. పరదాలో ఉండే భార్య ఖైరున్నీసా ముందు వైపు రావడానికి వీల్లేదు కాబట్టి ఆమె కోసం దాన్ని కట్టించాడని చెప్పుకుంటారు. మా గైడ్ ఆ కథ చెప్పి, “ఇది జనం చెప్పుకునేది సార్, కాగితం మీద ఉన్నది వేరే” అని విడదీసి చెప్పాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

బయటికొస్తే తుర్రేబాజ్ ఖాన్ స్మారకం. 1857 జులై 17న ఇదే రెసిడెన్సీ మీద దాడి చేసినవాళ్ల నాయకుల్లో ఆయన ఒకడు. మా మామయ్య చదువుకునే రోజుల్లో అక్కడే బస్సు కోసం పడిగాపులు పడేవాడట. “ఏం బాబూ, ఇది అప్పుడూ ఉందా?” అని గైడ్‌ని రెట్టించి అడిగాడు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ముందు ఆగాం. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్లు 1901లో స్థాపించిన తెలుగు గ్రంథాలయం. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం కోసం జనం వెతుక్కునే కాలమది. చీరల కొట్ల హడావుడిలో పడి చాలామంది దీన్ని చూడకుండానే వెళ్లిపోతారు.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు సుమారు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మేం వెళ్లేసరికి దాని నీడలో రోగుల తాలూకు జనం చాపలు పరుచుకుని టిఫిన్ బాక్సులు విప్పుతున్నారు. ఆ వరద తర్వాతే ఇంజినీరు విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఎండలో నడిచి వచ్చి చెట్టు కింద ఈ ముక్క వింటే బాగా ఎక్కుతుంది. అవతలి ఒడ్డున హైకోర్టు చూపించి నడక ముగించారు.

బస సంగతి. హైటెక్ సిటీలో దిగితే పొద్దున పూటంతా ప్రయాణానికే పోతుంది. మేము ఆబిడ్స్‌లో ఓ లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది గానీ రోడ్డు వైపు కిటికీ కావడంతో రాత్రంతా హారన్లే, వెనక వైపు గది అడిగి తీసుకోండి. మెట్రోలో వచ్చేవాళ్లకి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్ దగ్గర. తిరిగి వెళ్తూ మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల ఐస్‌క్రీమ్ తినొచ్చు, సీతాఫలాల కాలమైతే అదే అడగండి.

బుక్ చేసే ముందు రెసిడెన్సీ లోపలికి అనుమతి తీసుకున్నారా అని కనుక్కోండి, అది విద్యాసంస్థ కాబట్టి ఒక్కోసారి గేటు దగ్గరే ఆపేస్తారు. దారిలో టాయిలెట్ల ఇబ్బంది ఉంది, పెద్దవాళ్లతో వెళ్తే కాలేజీలోనే చూసుకుని బయల్దేరండి.