ఒక్క మోటారు క్రేనా, ఏడు మోటార్ల పొక్లెయినా? పెద్ద లెగో బండి కట్టాలంటే ఏది మేలు

గేర్లతో కదిలే యంత్రాలు కట్టించే లెగో టెక్నిక్ సెట్లలో వేల ముక్కలతో, మోటారుతో నడిచే పెద్ద బండి కట్టాలనుకునేవాళ్లు మొదట తేల్చుకోవలసింది ఒకటుంది. ఒకే మోటారు పెట్టి గేర్‌బాక్స్ ద్వారా అన్ని పనులూ చేయించాలా, లేక ఒక్కో పనికి ఒక్కో మోటారు పెట్టాలా? బండి ఏ కంపెనీది, ఏ రంగు, ఎన్ని చక్రాలు అన్నవన్నీ ఆ తర్వాతి మాటలు. లోపలి అమరిక, ఖర్చు, కట్టేటప్పుడు పడే శ్రమ, పదేళ్ల తర్వాత అది కదులుతుందా లేదా అన్నది, అన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడతాయి.

ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడటానికి లెగో కంపెనీయే మంచి అవకాశం ఇచ్చింది. 2018లో రఫ్ టెర్రైన్ క్రేన్ వచ్చింది. సెట్ నంబరు 42082, ముక్కలు 4,057, మోటారు ఒక్కటే. మరుసటి ఏడాది లీబ్‌హెర్ ఆర్ 9800 ఎక్స్‌కవేటర్, మనం పొక్లెయిన్ అనేది, వచ్చింది. నంబరు 42100, ముక్కలు 4,108, మోటార్లు ఏడు. ముక్కల లెక్క దాదాపు సమానం. అమెరికాలో విడుదల ధరలు చూస్తే మాత్రం క్రేన్ 300 డాలర్లు, ఎక్స్‌కవేటర్ 450 డాలర్లు. ఆ 150 డాలర్ల తేడాలో ఎక్కువ భాగం మోటార్లకు, వాటిని నడిపే హబ్‌లకు (బ్యాటరీలు పట్టి, ఫోన్ మాట విని మోటార్లను తిప్పే డబ్బాలకు) పోయిందనుకోవచ్చు.

నా మాట ముందే చెప్పేస్తాను. చేతులతో కట్టే ఆనందం కోసం కొనేవాళ్లకు క్రేనే మేలు. ఎందుకో చెప్పాలంటే దాని కడుపులో ఏముందో చూడాలి.

క్రేన్‌లో ఉన్నది ఒక ఎల్ సైజు మోటారు, ఆరు ఏఏ బ్యాటరీలు పట్టే ఒక డబ్బా. ఆ మోటారే పక్క కాళ్లను బయటికి చాచి నేలకు ఆనిస్తుంది, పై భాగాన్ని గుండ్రంగా తిప్పుతుంది, బూమ్‌ను, అంటే క్రేన్ పొడుగు చేతిని, పైకి లేపుతుంది, దాన్ని ముందుకు సాగదీస్తుంది, హుక్కు తాడును చుడుతుంది. మొత్తం అయిదు పనులు. పంట కాలువ నీటిని గట్టు తెంచి ఒక్కో మడికి మళ్లించినట్టు, ఇక్కడ మోటారు తిప్పే శక్తిని లివర్లతో ఒక్కో పనికి మళ్లిస్తారు. గేర్‌బాక్స్‌లోని గేర్లు యాక్సిల్ అనే కడ్డీ మీద వదులుగా, ఊరికే తిరుగుతూ ఉంటాయి. లివర్ జరిపినప్పుడు పక్కనున్న డ్రైవింగ్ రింగు కదిలి ఒక గేరును పట్టుకుంటుంది. అప్పుడే ఆ యాక్సిల్‌కు కదలిక వస్తుంది. రింగు మధ్యలో ఉంటే మోటారు ఎంత తిరిగినా ఆ పని ఆగే ఉంటుంది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది శక్తి పై భాగానికీ కింది భాగానికీ మధ్య దాటే తీరు. కాళ్లు కింద చాసీకి ఉన్నాయి, బూమ్ పైన ఉంది, మధ్యలో పై భాగాన్ని తిరగనిచ్చే చక్రం, టర్న్‌టేబుల్ ఉంది. మోటారు ఒకటే కాబట్టి అది ఎక్కడున్నా దాని శక్తి టర్న్‌టేబుల్ నడిమి రంధ్రం గుండా, ఒక యాక్సిల్ మీద అవతలి వైపుకు వెళ్లాలి. పై భాగం ఎన్ని చుట్లు తిరిగినా ఆ యాక్సిల్‌కు అడ్డు రాదు. వైరైతే మెలి తిరిగి తెగుతుంది. ఈ భాగం కట్టేటప్పుడు నిజమైన క్రేన్ తయారుచేసేవాళ్లు ఏ చిక్కును విప్పుకోవాలో మన చేతికే అర్థమవుతుంది. ఇంజినీరింగ్ చదివే పిల్లలకు నేను ఈ సెట్ గురించి గట్టిగా చెప్పేది ఇందుకే.

దీనికి వెల ఉంది. ఒక పంటి గేరు మరో గేరును తిప్పినప్పుడల్లా కొంత శక్తి రాపిడిలో పోతుంది. మోటారు నుంచి హుక్కు దాకా గేర్ల వరుస పొడవు పెరిగేకొద్దీ చివర మిగిలే బలం తగ్గుతుంది. దాన్ని పూడ్చడానికి వేగం తగ్గిస్తారు. 8 పళ్ల గేరుతో 24 పళ్ల గేరును తిప్పితే బలం మూడింతలు, వేగం మూడో వంతు. మరలా చుట్టు తిరిగిన వార్మ్ గేరుతో అదే 24 పళ్ల గేరును తిప్పితే 24 చుట్లకు ఒక్క చుట్టు. అందుకే క్రేన్ బూమ్ నింపాదిగా లేస్తుంది, నింపాదిగా సాగుతుంది. పూర్తిగా లేపి సాగదీస్తే మీటరు ఎత్తుకు చేరుతుంది, కానీ అక్కడిదాకా ఓపిక పట్టాలి. ఇంకో సంగతి కూడా కొనే ముందే తెలియాలి. ఇది తనంతట తాను నేల మీద నడవదు. నాలుగు చక్రాలూ స్టీరింగ్‌కు తిరుగుతాయి, నెడితే వీ8 ఇంజిన్ పిస్టన్లు ఆడతాయి, కానీ నెట్టవలసింది చేత్తోనే. మోటారు బండి అంటే నడిచే బండి అనుకునే పిల్లవాడికి ఇది నిరాశే.

ఆ నిరాశ లీబ్‌హెర్ దగ్గర ఉండదు. అసలు ఆర్ 9800 సుమారు 800 టన్నుల గని యంత్రం, ఫ్రాన్స్‌లోని కోల్మార్‌లో తయారవుతుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో డంపర్ నింపే షావెల్‌ను దగ్గరగా చూసినవాళ్లకు దీని ఆకారం వెంటనే పోల్చుకోవచ్చు. లెగో నమూనాలో ట్రాకుల మీద ముందుకూ వెనక్కీ నడవడం, పై భాగం తిరగడం, బూమ్, చేయి, బకెట్ వంగడం అన్నీ ఫోన్ తెర మీద వేలితో జరుగుతాయి. రెండు మూడు కదలికలు ఒకేసారి కూడా చేయించవచ్చు. బూమ్ లేపుతూనే పై భాగాన్ని తిప్పడం అసలు ఆపరేటర్ చేసే పని, అది ఒకే మోటారు క్రేన్‌తో దాదాపు కుదరదు. మోటార్ల లోపలే తిరుగుడును కొలిచే ఏర్పాటు ఉంది కాబట్టి బూమ్ ఏ కోణంలో ఉందో యాప్ చూపిస్తుంది. పిల్లలున్న ఇంట్లో దీన్ని హాల్లో నడిపితే చుట్టుపక్కల పిల్లలంతా వచ్చి కూర్చుంటారు. క్రేన్ ముందు అంతసేపు కూర్చునేది దాన్ని కట్టినవాడే.

టర్న్‌టేబుల్ చిక్కును లీబ్‌హెర్ వేరే దారిలో విప్పింది. కింద ఒక హబ్, పైన ఒక హబ్. ఒక్కో హబ్‌కు నాలుగు మోటార్లు తగిలించవచ్చు. రెండూ ఫోన్‌తో బ్లూటూత్ ద్వారా మాట్లాడతాయి కాబట్టి మధ్యలో వైరూ అక్కర్లేదు, యాక్సిలూ అక్కర్లేదు. తెలివైన ఏర్పాటే. కానీ కట్టేవాడికి అక్కడ నేర్చుకోవడానికి మిగిలేది తక్కువ. మోటారు బిగించడం, వైరును దారి తప్పకుండా పోనివ్వడం, సరైన పోర్టులో పెట్టడం. మోటారు పక్కనే పని ఉంటుంది కాబట్టి గేర్ల వరుస పొట్టిగా ఉంటుంది, కాబట్టి బలం బాగా నిలుస్తుంది, పొరపాట్లు తక్కువ. లాభాలు నిజమైనవే, కాదనను. అయినా 4,108 ముక్కలు పెట్టాక బండి ఎలా పనిచేస్తుందని అడిగితే "యాప్‌లో నొక్కితే మోటారు తిరుగుతుంది" అన్నంత దూరమే జవాబు వెళ్తుంది. క్రేన్ కట్టినవాడు అదే ప్రశ్నకు పావుగంట మాట్లాడతాడు.

పొరపాట్ల మాట వచ్చింది కాబట్టి కట్టేవాళ్లకు పనికొచ్చే విషయం ఒకటి. క్రేన్ గేర్‌బాక్స్‌లో ఒక గేరు ఒక రంధ్రం పక్కకు పడితే ఆ సంగతి అప్పుడే తెలియదు, చుట్టూ వందల ముక్కలు కట్టేశాక తెలుస్తుంది. అందుకని ప్రతి దశలోనూ యాక్సిల్‌ను వేళ్లతో తిప్పి చూడాలి. ఎక్కడైనా బిగుతుగా తగిలితే ముందుకు పోకూడదు. చాలాసార్లు కారణం గేరు కాదు, యాక్సిల్ జారకుండా పట్టే చిన్న బుష్‌ను బీముకు (రంధ్రాల పొడుగు ముక్కకు) మరీ ఆనించి నొక్కడం. కాగితం పట్టేంత సందు వదిలితే చాలు. తెల్లటి క్లచ్ గేరు ఉన్నచోట దాని బదులు అదే సైజు మామూలు గేరు ఎప్పుడూ పెట్టకండి. బూమ్ చివరికి చేరినప్పుడు జారి మోటారును కాపాడేది అదే. టకటకమనే ఆ చప్పుడు వింటే భయపడనక్కర్లేదు, లివర్ మధ్యకు జరిపితే చాలు. లీబ్‌హెర్‌లో ఇలాంటి టెన్షన్ తక్కువ, కానీ వైరు తప్పు పోర్టులో పడితే బూమ్ నొక్కినప్పుడు బకెట్ కదులుతుంది, దాన్ని సరిచేయడానికి పైకప్పు విప్పాలి.

బ్యాటరీల ఖర్చు చిన్న విషయం కాదు. క్రేన్‌కు ఆరు ఏఏలు, లీబ్‌హెర్‌కు రెండు హబ్‌లకూ కలిపి పన్నెండు. మామూలు బ్యాటరీలు ఆరు కలిపితే 9 వోల్టులు, రీఛార్జబుల్‌వి ఆరు కలిపితే 7.2 వోల్టులు. కాబట్టి రీఛార్జబుల్ పెడితే కదలిక కొంచెం మెల్లబడుతుంది. ఒక్క మోటారుకు అది పట్టించుకోదగ్గది కాదు. బరువైన ట్రాకుల బండికి తేడా తెలుస్తుంది. నెలల తరబడి అల్మారాలో పెట్టేటట్టయితే బ్యాటరీలు తప్పకుండా తీసేయండి, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో. కారిన బ్యాటరీ హబ్‌ను పాడుచేస్తే ఆ నష్టం మామూలుది కాదు.

నన్ను క్రేన్ వైపు పూర్తిగా మొగ్గేలా చేసింది మాత్రం ఆయుష్షు. క్రేన్‌లో ఉన్నది 2007లో మొదలైన పవర్ ఫంక్షన్స్ వ్యవస్థ. కంపెనీ దాన్ని ఆపేసింది, కొత్త మోటార్ల ప్లగ్గు దానికి సరిపోదు కూడా. అయినా బ్యాటరీ డబ్బా మీద మీట నొక్కితే మోటారు తిరుగుతుంది, అంతే. ఇంకో ఇరవై ఏళ్ల తర్వాతైనా అలాగే తిరుగుతుంది. లీబ్‌హెర్‌కు ఫోన్ కావాలి, యాప్ కావాలి, ఆ యాప్ కొత్త ఫోన్లలో నడుస్తూ ఉండాలి. ఇది ఊహించి చెప్పే భయం కాదు. అదే కంపెనీ మైండ్‌స్టార్మ్స్ రోబోలను 2022 చివర్లో ఆపేసింది, యాప్‌కు మద్దతు 2024 చివరి వరకే అని చెప్పింది. ఇంత డబ్బు పెట్టి కట్టిన యంత్రం ఎవరో సర్వర్ గదిలో తీసుకునే నిర్ణయానికి లోబడి ఉండటం నాకు మింగుడు పడదు. కోడింగ్ వచ్చినవాళ్లకు ఒక దారి ఉంది. పైబ్రిక్స్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఈ హబ్‌లోకి ఎక్కించి పైథాన్‌లో సొంతంగా నడపవచ్చు, లెగో చిన్న రిమోట్‌ను కూడా జతచేయవచ్చు. హైదరాబాద్‌లో, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఈ సరదా ఉన్నవాళ్లకు ఇది పండగలాంటి పని. వాళ్లకైతే లీబ్‌హెర్ మేలని చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు.

రెంటికీ మధ్య దారి లేదా అంటే ఉంది. 2021లో వచ్చిన క్యాట్ డి11 బుల్‌డోజర్, 42131. ముక్కలు 3,854, మోటార్లు నాలుగు, హబ్ ఒక్కటే. రెండు మోటార్లు ట్రాకులను నడుపుతాయి. మూడోది గేర్‌బాక్స్‌లో ఏ పని కావాలో ఎంచుతుంది, నాలుగోది ఆ పని చేస్తుంది. అంటే క్రేన్‌లో మన వేలు లివర్ మీద చేసే పనిని ఇక్కడ ఒక మోటారు చేస్తోంది. నడుస్తుంది, గేర్‌బాక్స్ కట్టిన తృప్తీ ఇస్తుంది. యాప్ సమస్య మాత్రం అలాగే ఉంది. ఒక సెట్‌తో తండ్రికీ పిల్లవాడికీ ఇద్దరికీ నచ్చాలంటే నేను ఇదే చూపిస్తాను. గాలి సిలిండర్లతో చేయి ఆడే 2015 నాటి మెర్సిడెస్ ఆరోక్స్ లారీ, 42043, ఇంకో తరహా. అందంగా ఉంటుంది, కానీ గాలితో కదిలే చేతిని సరిగ్గా అనుకున్నచోట ఆపడం కష్టం కాబట్టి ఈ పోటీలోకి దాన్ని లాగను.

ఇక కొనడం. క్రేన్, లీబ్‌హెర్ రెండూ తయారీ ఆగిపోయినవే, దొరికితే సెకండ్ హ్యాండ్‌లోనే. బయటి దేశం నుంచి తెప్పిద్దామంటే బొమ్మల మీద దిగుమతి సుంకం మన దేశంలో 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కయ్యో సూట్‌కేసులో తెచ్చిపెట్టడం మన ఇళ్లలో మామూలే, కానీ లీబ్‌హెర్ పెట్టె ఒక్కటే ఎంత చోటు ఆక్రమిస్తుందో వాళ్లకు ముందే చెప్పడం మర్యాద. పెట్టె పారేసి సంచులు మాత్రమే తెమ్మంటే సులువు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు లీబ్‌హెర్ అయితే రెండు హబ్‌లూ ఏడు మోటార్లూ పనిచేస్తున్న వీడియో అడగండి. క్రేన్ అయితే ఒక్క మోటారు, ఒక్క డబ్బా చూస్తే సరిపోతుంది. పిన్నులు కొన్ని తగ్గినా పర్వాలేదు, అవి విడిగా దొరుకుతాయి.

అసలు సెట్ కొనకుండానే ఈ దారి మొదలుపెట్టవచ్చు. కట్టే విధానం పుస్తకాలను లెగో తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతుంది. క్రేన్ పుస్తకం దించుకుని గేర్‌బాక్స్ ఉన్న పేజీలు మాత్రం చూడండి. ఇంట్లో ఉన్న పాత టెక్నిక్ ముక్కలకు ఒక ఎల్ మోటారు, రెండు డ్రైవింగ్ రింగులు, ఆ రింగులు పట్టుకునే నాలుగైదు గేర్లు తోడైతే రెండు మూడు పనులు చేసే చిన్న గేర్‌బాక్స్ ఒక్క ఆదివారంలో నిలబడుతుంది. దాని మీద లివర్ జరిపి ఒక యాక్సిల్ ఆగి ఇంకోటి తిరగడం చూశాక, నాలుగు వేల ముక్కల సెట్‌కు డబ్బు పెట్టాలా, ఎటువైపు పెట్టాలా అన్నది మీకే తేలిపోతుంది.