పురుగుల పుస్తకమా, కానుక బొమ్మా: కియోకా అచ్చుల్లో ఏది మేలు?

కియోకా జపాను వారి కొంటె పద్యం. కొలత మాత్రం వాకా అనే గంభీరమైన సంప్రదాయ పద్యానిదే: 5-7-5-7-7, మొత్తం 31 అక్షరాలు. జపాను భాషలో ‘మత్సు’ అంటే పైన్ చెట్టు, ఎదురుచూడటం కూడా. ఆ శ్లేషతో వాకా కవి నిట్టూరిస్తే, కియోకా కవి నవ్విస్తాడు. 18వ శతాబ్దం చివర ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఈ పిచ్చి బాగా ముదిరింది. కలం పేర్లే సగం హాస్యం. హిమేజీ ప్రభువు తమ్ముడు సకాయ్ హోయిత్సు ‘పిర్రలు కాలిన కోతిమనిషి’ అని పెట్టుకున్నాడు!

ఈ పద్యాలు చెక్క అచ్చు బొమ్మలతో రెండు రూపాల్లో వచ్చాయి. ఒకటి అమ్మకానికి వేసిన పుస్తకం. 1788లో ప్రచురణకర్త త్సుతాయా జూజాబురో తెచ్చిన పురుగుల పుస్తకంలో చిత్రకారుడు ఉతమారో గీసిన 15 బొమ్మలు, 30 పద్యాలు ఉన్నాయి. పురుగుల లెక్కలో పాము, కప్ప కూడా చేరాయి. బొమ్మ చూస్తే జీవశాస్త్రవేత్త గీశాడేమో అనిపిస్తుంది. పక్కన పద్యం మాత్రం ఆ పురుగును అడ్డం పెట్టుకుని ప్రేమ గోల వినిపిస్తుంది. ఉతమారో చిన్నప్పుడు తూనీగకు దారం కట్టి ఆడేవాడని అతని గురువు సెకియెన్ ఈ పుస్తకం చివరి మాటలో రాశాడు. మన పల్లెటూరి పిల్లలకు చెప్పనక్కరలేని ఆట.

రెండోది సురిమోనో అనే కానుక బొమ్మ. కవుల బృందాలు సొంత ఖర్చుతో కొద్ది ప్రతులు వేయించుకుని, ఎక్కువగా కొత్త సంవత్సరానికి పంచుకునేవి. మందపాటి హోషో కాగితం, వెండి బంగారు రంగుల లోహపు పొడులు, రంగు లేకుండా ఒత్తిన ఉబ్బు గీతలు. పనితనంలో హొక్కేయి, గకుతేయి అనే చిత్రకారుల బొమ్మలకు సాటి తక్కువ. అయితే అందులోని చమత్కారం ఆ బృందం వారికే పూర్తిగా అందుతుంది. గదిలో అందరూ నవ్వుతుంటే గుమ్మం బయట నిలబడినట్టుంటుంది మనకు.

అందుకే నా ఓటు పురుగుల పుస్తకానికి. పద్యం అర్థం కాకపోయినా గొంగళిపురుగు అర్థమవుతుంది. అర్థం తెలిశాక ఆ బొమ్మే ఇంకోలా కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుని, వెలుతురుకు వంచి చూసే అవకాశం ఉన్నవారు మాత్రం సురిమోనోనే ఎంచుకోవాలి. ఫోను తెరమీద ఆ ఉబ్బు గీతలు సరిగా కనిపించవు. కొనేవారికి ఒక మాట: 1890లలో సురిమోనోలకు చాలా నేర్పుగా నకళ్లు తీశారు.