వేలికి వైర్లు వేయించుకుంటున్నారా? తీసే ఖర్చు ముందే రాయించుకోండి

వరంగల్, హనుమకొండ వైపు వాళ్లకు ఒక మాట. వేలు విరిగి ప్రైవేటు దవాఖానకు వెళ్తే, ఆపరేషన్ ప్యాకేజీలో, ఎముక జారకుండా వేసిన వైర్లు తీయడం కూడా కలిసి ఉందో లేదో తేల్చుకోకుండా అడ్వాన్స్ కట్టకండి.

ఎనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాలు దించుతుంటే ట్రాలీ డోర్ పడి మా తమ్ముడి ఉంగరపు వేలి బొక్క (ఎముక) ఏటవాలుగా విరిగింది. అలాంటిది ఉత్త కట్టుతో నిలవదు, జారుతుంది, వైర్లు వేయాలన్నారు. ఆ మాటలో తప్పు పట్టేదేం లేదు. ఆపరేషన్ జరుగుతుండగానే తెర మీద చూపించే సీ ఆర్మ్ ఎక్స్‌రేలో చూసుకుంటూ సన్నటి స్టీలు తీగలను చర్మం మీది నుంచే డ్రిల్‌తో బొక్కలోకి దించుతారు. చాలాసార్లు కోత కూడా ఉండదు. వేళ్లకు వాడేవి దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉంటాయంతే. కిర్ష్‌నర్ అనే జర్మన్ సర్జన్ 1909లో తెచ్చిన తీగలు కాబట్టి కే వైర్లు అంటారు. వందేళ్లు దాటిన ఈ మామూలు తీగే మా బిల్లులో 'స్పెషల్ ఇంప్లాంట్' అయి కూర్చుంది. ఎన్ని వాడారు, ఏ సైజు, ఒక్కోటి ఎంత, ఏమీ రాయలేదు.

అసలు బాదుడు వైర్లు తీసేటప్పుడు. "అది రెండో ఆపరేషన్ కదండీ" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. థియేటర్ చార్జీ, మత్తు డాక్టరు ఫీజు, ఒక రోజు రూమ్ రెంటు! చూస్తే తీగల కొనలు కొక్కేల్లా వంగి వేలి బయటే కనబడుతున్నాయి. కాజీపేటలో ఇంకో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఓపీలోనే కూర్చోబెట్టి, దూదితో తుడిచి, ప్లయర్‌తో పట్టి మెల్లగా తిప్పుతూ లాగేశారు. తమ్ముడు పళ్లు బిగించేలోపే అయిపోయింది. ఓపీ ఫీజు, డ్రెస్సింగ్ పైసలు, అంతే.

కొనలు చర్మం కిందే దాచేస్తే మాత్రం చిన్న కోత పెట్టాల్సి వస్తుంది, పిల్లలకైతే మత్తు కూడా అవసరం పడొచ్చు. కాబట్టి కొనలు బయట ఉంచుతారా, లోపల పెడతారా అన్నది ఆపరేషన్‌కు ముందే అడగండి. వేళ్లకు మామూలుగా మూడు, నాలుగు వారాలకు తీసేస్తారు. ఆ తారీఖు డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అది వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.

ఇంకోటి, మా కాగితం మీద జాగ్రత్తలే లేవు. కాజీపేట డాక్టరు చెప్పాకే తెలిసింది: తీగ దిగిన చోట తడి, మట్టి తగలొద్దు. ఎర్రగా వాచినా, చీము కారినా, తీగ వదులైనా ఆరోజే చూపించాలి. మిగతా వేళ్లు కదుపుతూ ఉండాలి, లేదంటే చెయ్యి మొత్తం బిగుసుకుపోతుంది. వేళ్లు సగం ముడిచినప్పుడు విరిగిన వేలు పక్క వేలి మీదికి ఎక్కుతుంటే బొక్క మెలి తిరిగి అతుకుతున్నట్టు. ఎక్స్‌రేలో ఇది సరిగ్గా కనబడకపోవచ్చు, చెయ్యి చూసే పట్టుకోవాలి. మావాడికి ఆ బాధ లేదు, వేలు తిన్నగానే ఉంది.

ఐటమ్ వారీ బిల్లు ఇవ్వమని రాసిచ్చి రసీదు తీసుకున్నాం. సార్ ఊళ్లో లేరంటూ తిప్పుతున్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం. బిల్లు చేతికొస్తే అందులో ఏముందో ఇక్కడే పెడతాను.