దవడ తిత్తి: మొత్తం తీయించాలా, కిటికీ పెట్టించాలా?

దవడ తిత్తి (సిస్ట్) అంటే ఎముకలో ద్రవం నిండిన సంచి. కిటికీ అంటే దానికి నోటిలోకి రంధ్రం పెట్టి, అది మెల్లగా కుంచించుకుపోయేలా చేయడం. పెద్ద తిత్తి అయితే ముందు బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్ష. అమెలోబ్లాస్టోమా అనే గడ్డ కూడా ఎక్స్‌రేలో మామూలు తిత్తిలాగే కనిపించవచ్చు. రిపోర్టు రాకుండా పద్ధతి తేల్చుకోవద్దు.

ఖర్చు: మొత్తం తీస్తే సాధారణంగా ఒక్క ఆపరేషన్. కిటికీ పెడితే మొదటిది చిన్నదే, కానీ నెలల తరబడి తిరగాలి; మిగిలింది తీయడానికి తరచూ రెండోదీ ఉంటుంది.

శ్రమ: మొత్తం తీసినచోట కుట్లు మానితే చాలావరకు అయిపోయినట్టే, ఎముక తర్వాత నిండుతుంది. కిటికీకి మాత్రం రోజూ సిరంజితో సెలైన్ కొట్టి కడగాలి. మానేస్తే మెతుకులు చేరి చీము పడుతుంది. రంధ్రం పూడుకుపోతే తిత్తి మళ్లీ పెరుగుతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

రిస్క్: నరాన్ని ఆనుకున్న పెద్ద తిత్తిని ఒకేసారి తీస్తే కింది పెదవి తిమ్మిరెక్కవచ్చు, పలచబడిన దవడ విరగవచ్చు. కిటికీలో ఆ భయం తక్కువ. అయితే లోపల మిగిలిన పొర పరీక్షకు అందదు.

చిన్న తిత్తి, పంటి వేరు చివరి తిత్తి అయితే మొత్తం తీయించడమే మేలు. పన్ను ఉంచుకోవాలంటే రూట్ కెనాల్ తప్పదు. పిల్లల్లో రాని పన్ను చుట్టూ ఏర్పడితే కిటికీ మంచిది, ఆ పన్ను దానంతటదే దిగే అవకాశం ఉంది. మళ్లీ వచ్చే గుణం ఎక్కువున్న కెరటోసిస్ట్ అనే రకం తిత్తికి ఏది చేసినా ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీయించాల్సిందే.