ఇటుక గోడకి సిలేన్ ద్రావణం: ఆరేళ్లు వాడాక

కళింగపట్నం సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో మా ఇల్లు. తాతగారు కట్టించిన ప్రహరీకి సిమెంటు పూత లేదు, నాటు ఇటుకే బయటకి కనిపిస్తుంది. ఆ ఎర్ర గోడంటే నాకు ప్రాణం. దాన్ని కాపాడుకోడానికి 2019 వేసవి నుంచి సిలేన్-సైలోక్సేన్ ద్రావణం (వాన నీరు ఇటుకలోకి ఇంకకుండా పూసే మందు) వాడుతున్నాను. పైభాగాన ప్రాణం పోసింది, కిందిభాగాన నష్టం చేసింది. రెండూ చెప్పాలి.

ముందు రోగం సంగతి. చలిదేశాల్లో ఇటుక తాగిన నీరు గడ్డకట్టి, సుమారు 9 శాతం ఉబ్బి, ఇటుకని లోపల్నించి పగలగొడుతుంది. ఈ మందు అక్కడ వాడేది అందుకే. శ్రీకాకుళంలో అంత చలి ఎక్కడిది? మన దగ్గర ఆ పని ఉప్పు చేస్తుంది. అక్టోబరు, నవంబరు వానలకి గోడ కడుపు నిండా తాగుతుంది. ధనుర్మాసం వచ్చి గాలి పొడిబారాక నీరు ఆరిపోతుంది. అందులోని ఉప్పు మాత్రం ఇటుక పైపొర కింద పలుకులు కట్టి, ఆ పొరని బయటకి తోసేస్తుంది. పొద్దున్నే చూస్తే ఇటుక మీద తెల్లటి నూగు. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా, కాస్త చేదుగా ఉండేది. గోడ మొదట్లో రోజూ ఎర్రటి పొడి రాలేది. అమ్మ ముగ్గు వేసేముందు మొదట దాన్నే ఊడ్చేది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక ఆ చలికాలం మరీ ఘోరం. వీధివైపు ఇటుకలు అరంగుళం లోతున పెచ్చులూడిపోయాయి. అంతకుముందు ఎవరో చెప్పారని మెరిసే అక్రిలిక్ వార్నిష్ వేయించాం కూడా. లోపలి చెమ్మకి దారి లేక అది బొబ్బలు లేచి, ఇటుక పైపొరతో సహా ఊడొచ్చింది. మేస్త్రి అప్పుడే అన్నాడు: "గోడ తాగింది బయటకి పోవాల బాబూ. దాని నోరు కట్టేస్తే ఎలాగ?"

సిలేన్ నోరు కట్టదు. ఇటుక రంధ్రాల్లోకి ఇంకి వాటి గోడలకి అంటుకుంటుంది. వాన నీరు లోపలికి పోదు, లోపలి ఆవిరి బయటకి పోతుంది. గోడకి మెరుపు రాదు, రంగు కూడా దాదాపు మారదు.

అయితే ఫలితం సగం ముందు పనిలోనే ఉంది. ఉప్పుని నీళ్లతో కడగొద్దు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. మేము పొడి బ్రష్షుతో దులిపి, తడి కాగితం గుజ్జు పట్టు వేసి, ఎండాక తీసేశాం. లోపలి ఉప్పు చాలావరకు ఆ గుజ్జులోకి వచ్చేసింది. ఇలా మూడుసార్లు. పాడైన సందులు గీకి సున్నం, ఇసుకతో పాయింటింగ్ చేయించాం. సిమెంటు వద్దన్నాను. ఇటుక కంటే గట్టిదైన సందు ఉంటే దెబ్బంతా ఇటుకకే తగులుతుంది. మే నెల ఎండల్లో గోడ బాగా ఆరాక, మొదటి పూత ఆరకముందే రెండో పూత వేశాం. 400 చదరపు అడుగులకి ఐదు లీటర్ల డబ్బాలు మూడు పట్టాయి.

గ్లాసుడు నీళ్లు గోడ మీద పోశాను. చేమాకు మీద బొట్టుల్లా జారిపోయాయి. అంతకుముందు పోసింది పోసినట్టే తాగేసేది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రంతా నాకు గోడ గురించే టెన్షన్. తెల్లారి చూస్తే పక్కింటి గోడ తడిసి నల్లబడింది, మాది ఎర్రగానే ఉంది.

ఇప్పుడు చెడు. నేల నుంచి నాలుగు వరసల వరకూ కూడా ఇదే ద్రావణం పూశాం. అది పెద్ద పొరపాటు. అక్కడ చెమ్మ వానది కాదు, నేలలోంచి పైకి పాకేది. ఉప్పు నీరు మందు ఇంకిన పొర వెనకాల ఆగి, ఉప్పు అక్కడే పేరుకుంది. 2022 జనవరికి పాతకాలం కంటే మందంగా, పలకలు పలకలుగా ఊడింది. ఒక పలక చేత్తో పట్టుకుంటే వెనకవైపు అంతా తెల్లగా ఉప్పే. అది చూసి చాలా బాధపడ్డాను. గోడకి ఆనించి పోసిన మట్టి తీయించి, నీరు పోయేలా వాలు పెట్టించాం. ఆ నాలుగు వరసలకి సున్నం గచ్చు పూశాం. ఉప్పు తినేది ఆ గచ్చుని, ఇటుకని కాదు. శాలిహుండం కొండ మీది పాత ఇటుక కట్టడాలకి వెళ్లినా ఇప్పుడు నేను ముందు చూసేది నీరు ఎటు పోతోందనే.

గ్రానైటు మెట్లకి కూడా కాస్త పూశాను. తేడా ఏమీ లేదు, ఆ రాయి నీరు తాగేదే తక్కువ. డబ్బు దండగ.

సముద్రంవైపు ముఖానికి 2024లో మళ్లీ వేయాల్సి వచ్చింది, నీళ్లు పోస్తే ఇంకడం మొదలైంది. ఇంటివైపు ఇంకా గట్టిగానే ఉంది. మీ గోడకి కొనేముందు నేల చెమ్మ ఎంత ఎత్తు పాకుతుందో ఒక చలికాలం చూసి గీత పెట్టుకోండి. ఆ గీతకి పైన మాత్రమే వాడండి.

సంక్రాంతికి కింది గచ్చు మార్చాలి. సున్నం నానబెట్టేశాం.